అమ్మానాన్నలతో అలాస్కా: ఓడ కంటే ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: నమస్కారం. మేము డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మానాన్నలు ఏప్రిల్ చివర్లో రాజమండ్రి నుంచి మా దగ్గరకు వస్తున్నారు. మే నెలలో తమ్ముడికి ఎం.ఎస్. పట్టా వస్తుంది. జూన్ మొదటి వారానికి అమ్మానాన్నల పెళ్లయి 45 ఏళ్లు. జూలైలో నాన్నగారికి 70 నిండుతాయి. మూడు సంబరాలూ కలిపి ఒక వారం అలాస్కా క్రూజ్‌కు వెళదామని నా కోరిక. మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, తమ్ముడు, అమ్మ, నాన్న, మొత్తం ఆరుగురం. మేమిద్దరం హెచ్-1బి వీసా మీద ఉన్నాం. పాప ఇక్కడే పుట్టింది.

చిక్కేమిటంటే, అమ్మ పడవ అంటేనే వద్దంటుంది. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి గోదావరి మీద కూడా పడవ ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులున్నాయి, చలికి తట్టుకోలేదు, గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారికి షుగర్. ఆయనదొకటే మాట: "ఆ డబ్బుతో మన ఊళ్లో ఎంతమందికి అన్నం పెట్టవచ్చో!" తమ్ముడేమో హెలికాప్టర్‌లో వెళ్లి మంచు మీద దిగి కుక్కల బండి ఎక్కాలంటాడు. వెళ్లమంటారా? వెళితే ఏ నెల, ఏ ఓడ? ఇంకో చిన్న ప్రశ్న, ఇది అమ్మ అడగమంది: ఓడలో కాఫీ దొరుకుతుందా?
– పెద్దమ్మాయి, డల్లాస్

సమాధానం: వెళ్లండి. మీ ఉత్తరంలో వెళ్లకూడదనడానికి రాసిన కారణాలలో సగం, నా లెక్కలో, వెళ్లడానికి కారణాలు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని యెల్లోస్టోన్‌కు తీసుకువెళితే రోజుకు ఐదు గంటలు కారులో కూర్చోబెట్టాలి, దిగిన చోటల్లా నడిపించాలి, రోజుకో హోటలు మార్చాలి. అలాస్కా ఓడలో పెట్టె ఒక్కసారి విప్పుతారు, ఒక్కసారి సర్దుతారు. మనిషి కుర్చీలో కూర్చుని ఉంటే కొండలూ, జలపాతాలూ, మంచూ తామే ఎదురువస్తాయి. అయితే ఈ సుఖాన్ని చేతులారా పాడుచేసుకోవడం కూడా చాలా తేలిక. నేను ఒకసారి పాడుచేసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ కథ కాసేపట్లో.

ముందు కాగితాల సంగతి. ఓడ బొమ్మలు చూసి మురిసిపోయే ముందు ఆరు పాస్‌పోర్టులు బల్ల మీద పరిచి చూడండి. అలాస్కా అమెరికాలోదే కదా, సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగుతాం కదా, ఇక వేరే వీసా ఎందుకు అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అమెరికాలో 1886 నాటి ఒక చట్టం ఉంది. విదేశీ జెండా ఎగరేసే ఓడ, మధ్యలో వేరే దేశపు రేవును తాకకుండా, ప్రయాణికులను అమెరికా రేవుల మధ్య తిప్పకూడదు. పెద్ద క్రూజ్ ఓడలలో దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ నుంచి బయలుదేరే ప్రతి పెద్ద అలాస్కా ఓడా కెనడా రేవు ఒకటి, మామూలుగా విక్టోరియా, తాకి వస్తుంది. అది కొన్ని గంటల మజిలీయే కావచ్చు, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా మాత్రం ఉండి తీరాలి. "మేము దిగం, గదిలోనే కూర్చుంటాం" అంటే కుదరదు. వీసా లేనివారిని సియాటిల్‌లోనే ఓడ ఎక్కనివ్వరు. ఆ దృశ్యం నేను రేవులో కళ్లారా చూశాను. అందరూ లోపలికి వెళుతుంటే ఒక పెద్దాయన, ఆయన భార్య పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. కొడుకు ఫోనులో ఎవరితోనో వాదిస్తున్నాడు. ఓడ వాళ్లు లేకుండానే కదిలింది.

కాబట్టి అమ్మానాన్నలకు, మీకు, మీ వారికి, తమ్ముడికి ఐదుగురికీ కెనడా వీసా కావాలి. పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవారికి కెనడా వీసా అక్కరలేదు, మీకది ఇంకా రాలేదు కనుక ఆ దారి లేదు. దరఖాస్తుకు వేలిముద్రలు ఇవ్వాలి, రావడానికి వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి నెలలు. అమ్మానాన్నలు ఇంకా రాజమండ్రిలోనే ఉన్నారు గనుక బయలుదేరకముందే అక్కడే పని ముగించుకోమనండి.

రెండో చిక్కు తిరుగు ప్రయాణానిది. కెనడా రేవు తాకి వచ్చారంటే మళ్లీ అమెరికాలో అడుగుపెడుతున్నట్లే లెక్క. అమ్మానాన్నల సందర్శక వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లేదై ఉండాలి. మీ ఇద్దరి పాస్‌పోర్టులలో హెచ్-1బి ముద్ర గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. దాటిపోయి ఉంటే మీ కంపెనీ వకీలును అడగకుండా ఓడకు డబ్బు కట్టవద్దు. అందరికంటే జాగ్రత్త పడవలసినవాడు తమ్ముడు. చదువు ముగిసి, చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీ అనుమతికి దరఖాస్తు పెట్టుకుని, కార్డు కోసం ఎదురుచూసే వేళ దేశం దాటి రావడం చిన్న విషయం కాదు. విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది. వాళ్లను అడిగి, ఏయే కాగితాలు వెంట ఉండాలో రాయించుకోమనండి. పట్టా వచ్చిన సంబరం ఉద్యోగానికి ఎసరు పెట్టకూడదు కదా.

ఇక నెల. నాన్నగారి పుట్టినరోజు జూలైలో వస్తుంది గనుక మీ మనసు జూలై మీద ఉండవచ్చు. ఓడ తేదీ పుట్టినరోజుతో కలవాలన్న పట్టు వదిలేయండి. ఈ ఓడలు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా తిరుగుతాయి. జూలై, ఆగస్టులలో సెలవుల రద్దీ, ధర కూడా ఎక్కువ. ఆగస్టు దాటాక వానలు ముదురుతాయి. మేలో వానలు తక్కువ, కొండల మీద మంచు నిండుగా ఉంటుంది, కానీ చలి కూడా గట్టిగానే ఉంటుంది. మీకు జూన్ మధ్య వారం సరిపోతుంది. పాపకు బడి ఉండదు. పెళ్లిరోజు అప్పుడే దాటి ఉంటుంది, 70వ పుట్టినరోజు ముందుంటుంది, తమ్ముడి పట్టా చేతిలో ఉంటుంది. హవాయీలో చలికాలం గడిపిన మూపురపు తిమింగలాలు అప్పటికి అలాస్కా నీళ్లకు చేరి మేత వేటలో ఉంటాయి. పగలు కూడా అప్పుడే పొడవు. జూనోలో సూర్యాస్తమయం రాత్రి పది దాటాక. నాన్నగారికి సంధ్యావందనం అలవాటుంటే సాయంసంధ్య కోసం పడుకునే వేళ దాకా కాచుకోవలసి వస్తుందని ముందే చెప్పండి. మా ఇంట్లో పెద్దాయన ఒకరు మూడు రోజులు పంచాంగంతో పోట్లాడి, నాలుగో రోజు గడియారంలో ఆరు కొట్టగానే కానిచ్చేశారు.

ఓడ ఎంచుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు, ఓడలో ఏమున్నాయో చూడటం. జారుడుబల్లలు, బుల్లి కార్ల పందేలు, పదిహేను రకాల భోజనశాలలు... ఇవన్నీ పాపకు కావాలి, కాదనను. కానీ మీరు చూడవలసింది ఓడ ఏ మంచు దగ్గరికి వెళుతుందన్నది. ఒక్కో ఓడ ఒక్కో చోటికి వెళుతుంది. కొన్ని గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి, కొన్ని హబ్బర్డ్ హిమానీనదం దగ్గరికి, కొన్ని ఎండికాట్ ఆర్మ్ అనే సన్నని సముద్రపు పాయలోకి. ట్రేసీ ఆర్మ్ అనే మరో పాయ పేరు కూడా పాత ప్రకటనలలో కనిపిస్తుంది. 2025 ఆగస్టులో అక్కడ కొండచరియ విరిగి నీళ్లలో పడి పెద్ద అల లేచింది. ఆ పేరు కనిపిస్తే ఓడ నిజంగా ఎక్కడికి వెళుతున్నదీ కంపెనీని అడగండి. హబ్బర్డ్ ఉత్తర అమెరికాలో సముద్రంలోకి దిగే హిమానీనదాలన్నిటిలోకి పెద్దది. ప్రపంచంలో చాలా హిమానీనదాలు వెనక్కి తగ్గుతుంటే ఇది మాత్రం ముందుకు జరుగుతోంది. 1986లోనూ 2002లోనూ అలా జరిగి జరిగి ఒక సముద్రపు పాయ ముఖద్వారాన్నే మూసేసింది.

అయినా మీ కుటుంబానికి నా ఓటు గ్లేసియర్ బేకే. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలను మించి రానివ్వరు. రేవు లేదు, దిగేది లేదు. ఉదయం ఉద్యానం ఉద్యోగులు చిన్న పడవలో వచ్చి, తాడు నిచ్చెన పట్టుకుని మన ఓడ ఎక్కుతారు. పగలంతా మైకులో ఆ చోటు కథ చెబుతారు. నాన్నగారికి ఈ కథ తప్పక నచ్చుతుంది: 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ అన్వేషణ ఓడల వాళ్లు అటు వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు. ముఖద్వారం దగ్గర కొద్ది మైళ్ల నొక్కు, ఆ వెనుక మంచుగోడ. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 40 మైళ్లకు పైగా వెనక్కి పోయి ఉంది. ఇప్పుడు ఓడ దాదాపు 65 మైళ్లు లోపలికి వెళుతుంది. అంటే మనం తేలే ఆ నీళ్ల వయసు, ధవళేశ్వరం ఆనకట్ట కంటే కొంచెం పెద్దది, అంతే. అంతకుముందు ఆ లోయలో బతికిన ట్లింగిట్ ప్రజలను ముందుకు పొంగి వచ్చిన మంచు వెళ్లగొట్టిందని వాళ్ల వంశగాథలు ఇప్పటికీ చెబుతాయి. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ ఓడలకు ఇక్కడికి అనుమతులు ఎక్కువ. టికెట్టు మీద "గ్లేసియర్ బే" అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. ఉత్తినే "హిమానీనద విహారం" అని రాసి ఉంటే అది ఎక్కడైనా కావచ్చు.

ఇప్పుడు నా కథ. కొన్నేళ్ల క్రితం మా అత్తగారి 75వ ఏట ఆవిడను ఇదే ప్రయాణానికి తీసుకువెళ్లాం. పెట్టిన డబ్బుకు న్యాయం జరగాలన్న పిచ్చిలో నేను ప్రతి రేవులోనూ ఏదో ఒక యాత్ర కొన్నాను. కెచికాన్‌లో ఆదివాసులు చెక్కిన టోటెం కొయ్య స్తంభాలు, జూనోలో తిమింగలాలు, ఆపైన అదే రోజు మెండెన్‌హాల్ హిమానీనదం, స్కాగ్వేలో రైలు, రైలు దిగాక ఊరు. ఆవిడ ఒక్క మాట కాదనలేదు. కోడలు డబ్బు కట్టింది కదా అని నడిచారు. ఐదో రోజు గ్లేసియర్ బే. పొద్దున్నే కాళ్లు వాచి ఉన్నాయి. మాత్ర వేసుకుని పడుకున్నారు. ఓడ మార్జరీ హిమానీనదం ముందు నిలబడి, నీటి మీద 250 అడుగుల ఎత్తున నీలంగా మెరిసే ఆ గోడను అందరికీ చూపిస్తూ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు మా అత్తగారు తెర వేసిన గదిలో గాఢనిద్రలో ఉన్నారు. లేపడానికి నాకు మనసు రాలేదు. లేపవలసిందా అని ఇప్పటికీ అనుకుంటాను. లేచాక ఫోనులో తీసిన వీడియో చూసి, "బాగుందమ్మా" అన్నారు. వీడియో చూడటానికి ఆవిడ అంత దూరం రానక్కరలేదు.

అందుకే మీకు నా మొదటి షరతు: ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులను ఖాళీగా ఉంచండి. అమ్మానాన్నలకు వారం మొత్తంలో ఒకే ఒక్క యాత్ర కొనండి. అది స్కాగ్వే రైలు. 1897లో కెనడాలోని క్లోన్‌డైక్ బంగారం కోసం మనుషులు సరుకులతో ఎక్కిన కనుమ అది. 1898లో మొదలుపెట్టి 1900 నాటికి ఆ కొండల్లో మూడడుగుల సన్న పట్టాల దారి వేశారు. ఇరవై మైళ్లలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. మీ అమ్మగారు చేయవలసిందల్లా పెట్టెలో కిటికీ పక్కన కూర్చోవడం. అరకు రైలులో సొరంగాలు లెక్కపెట్టిన చేతులకు ఇక్కడ కూడా లెక్కపెట్టడానికి సొరంగాలుంటాయి, వంతెనలుంటాయి.

మిగతా రేవులలో ఓపిక ఉన్నవారు దిగండి. కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన. అక్కడ ఎండ కాస్తే స్థానికులే ఆశ్చర్యపోతారు. గొడుగు గాలికి నిలవదు, తలను కప్పే టోపీ ఉన్న వానకోటు వేసుకోండి. జూనో రాష్ట్ర రాజధాని, అయినా బయటి ఊళ్లతో కలిపే రోడ్డు లేదు. విమానమో ఓడో ఎక్కి రావలసిందే. తిమింగలాలను చూడటానికి అక్కడే పడవ ఎక్కండి, మీరూ పాపా. సియాటిల్ ఓడైతే విక్టోరియాలో మామూలుగా సాయంత్రం ఆగుతుంది, అలసట ఉంటే మానేయండి. రేవులో సొంతంగా తిరగడానికి వెళితే ఓడ చెప్పిన గడువుకు గంట ముందే తిరిగి రండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

గ్లేసియర్ బే రోజున ఏమి చేయాలో మాత్రం వివరంగా చెబుతాను. అమ్మానాన్నల గదికి బాల్కనీ ఉండాలి. మీరు, తమ్ముడు కిటికీ లేని గదిలో పడుకున్నా నష్టం లేదు, డబ్బు అక్కడ తగ్గించుకోండి. వారి గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులలో, లిఫ్టుకు దగ్గరగా ఉండేలా చూడండి. ఓడ ఊగినా అక్కడ తక్కువ తెలుస్తుంది. "దృశ్యానికి అడ్డు" అని రాసిన బాల్కనీ చవకగా వస్తుంది, దాని ముందు ప్రాణరక్షక పడవ వేలాడుతూ ఉంటుంది, కొనవద్దు. కుడివైపు గదా, ఎడమవైపు గదా అని తల పగలగొట్టుకోనక్కరలేదు. మంచు ముందు ఓడ గుండ్రంగా తిరుగుతుంది, అందరికీ వంతు వస్తుంది. ఉదయం అమ్మకు కాఫీ ఇచ్చి, కాళ్లకు మేజోళ్లు తొడిగి, బాల్కనీ కుర్చీలో కూర్చోబెట్టి కంబళి కప్పండి. చలి అనిపిస్తే లోపలికి వచ్చి అద్దం వెనుక నుంచి చూస్తారు.

మంచు విరిగి పడే శబ్దం ముందు రాదు. గోడలోంచి ఒక ముక్క జారి నీళ్లలో పడటం కంటికి కనిపిస్తుంది, ఒక క్షణం అంతా నిశ్శబ్దం, ఆ తరువాత ఉరుము. ట్లింగిట్ ప్రజలు దానిని తెల్ల ఉరుము అంటారు. ఆ నీలం రంగు ఎందుకని పాప అడుగుతుంది. వేల అడుగుల మందాన మంచు తన బరువుకు తానే అణిగి లోపలి గాలి బుడగలు పోయేంతగా గట్టిపడుతుంది. అటువంటి మంచు వెలుతురులోని ఎరుపును మింగేసి నీలాన్ని బయటికి వదులుతుంది. తేలే మంచుపలకల మీద సీల్ జంతువులు పిల్లలతో పడుకుని ఉంటాయి, పాపకు దుర్భిణి ఒకటి కొనివ్వండి. ఫోనుకంటే అది నయం.

అమ్మగారి భయం దగ్గరికి వస్తాను. మీరు దాన్ని చలి, మోకాళ్లు, కాఫీ అన్న వరసలో పెట్టి రాశారు. నాకైతే అదొక్కటే అసలు విషయంలా అనిపించింది. కచ్చులూరు మీ ఊరికి ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వారాల తరబడి ఆ లాంచీని నది అడుగు నుంచి పైకి లాగే ప్రయత్నాలను టీవీలలో ఇంటింటా చూశారు. అటువంటి మనిషికి "ఇది పెద్ద ఓడమ్మా, ఏమీ కాదు" అన్న మాట చాలదు. పైగా పెద్ద ఓడ అనగానే మంచుగడ్డను ఢీకొన్న ఆ ఓడ గుర్తుకువస్తుంది, మీ తమ్ముడి లాంటివాడు సరదాకైనా గుర్తు చేస్తాడు. వాడి నోరు ముందే కట్టేయండి.

భయాన్ని కొట్టిపారేయకుండా వివరాలు చెప్పండి. ఓడ బయలుదేరకముందే ప్రతి ప్రయాణికుడూ తన రక్షణ స్థానానికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. అంతర్జాతీయ నియమం అది, మినహాయింపు లేదు. ఆ కసరత్తుకు అమ్మ పక్కనే మీరు ఉండండి. లైఫ్ జాకెట్ ఎక్కడ ఉందో చూపండి, ఒకసారి తొడిగి చూడమనండి. డెక్కు మీదికి తీసుకువెళ్లి పైన వేలాడే రక్షక పడవలను చూపండి. వాటికి పైకప్పు ఉంటుంది. అలాస్కా ఇరుకు జలమార్గాలలో ఓడ నడిపించడానికి ఆ నీళ్ల లోతుపాతులు ఎరిగిన స్థానిక పైలట్లు ఎక్కుతారని చెప్పండి. మా అత్తగారికి ధైర్యం ఇచ్చింది ఈ ఆఖరి మాటే. "అయితే సరంగు వాళ్ల ఊరి వాడేనన్నమాట" అని నిమ్మళించారు.

ఆవిడ కోసం దారి కూడా ఆలోచించి ఎంచుకోండి. సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు, బహిరంగ పసిఫిక్ మీదుగా వెళతాయి. అక్కడ ఒక రోజు, రాను ఒకటి పోను ఒకటి, ఊగవచ్చు. వాంకూవర్ నగరం నుంచి బయలుదేరే ఓడలు దీవికీ నేలకూ మధ్య ప్రశాంతమైన లోపలి జలమార్గంలో వెళతాయి. రెండు వైపులా అడవి కొండలు, మధ్య సన్నని నీళ్లు. నాన్నగారితో "పాపికొండలు వారం రోజుల పాటు" అనండి, ఇంకేమీ చెప్పనక్కరలేదు. కెనడా వీసా ఎలాగూ తీసుకుంటున్నారు కాబట్టి వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లో దిగే ఓడ మీకు మేలని నా అభిప్రాయం. విమానం ఖర్చు కొంచెం పెరుగుతుంది. విమానం మాత్రం ఒక రోజు ముందే పట్టుకోండి, అదే రోజు దిగి ఓడ అందుకుందామన్న సాహసం పెద్దవాళ్లతో వద్దు. వాంతుల మాత్రలు నాన్నగారి మందులతో పడతాయో లేదో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

చలి మీరు భయపడేంత ఉండదు. జూన్‌లో రేవులలో పగలు 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్. మంచు ముందు గాలి కోస్తుంది, అదొక్కటే. ఒక్క లావు కోటు కంటే మూడు పలచని పొరలు నయం: లోపల థర్మల్, మధ్యన ఉన్ని స్వెట్టరు, పైన వాననూ గాలినీ ఆపే కోటు. అమ్మగారు చీర మానరనుకుంటాను. మాననక్కరలేదు. థర్మల్ పైజామా మీద చీర కట్టుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కుచ్చెళ్లు మాత్రం చీలమండ పైకి కట్టుకోమనండి, తడి డెక్కు మీద అంచు నానితే అదే జారుడు, అదే చలి. చెప్పులు వద్దు, జారని బూట్లు కొనండి, ఇంట్లో పది రోజులు వేసుకుని అలవాటు పడమనండి. ఇక మంకీ క్యాప్! పిల్లలు సిగ్గుపడి దాన్ని పెట్టెలోంచి తీసేస్తారు. తీయకండి. ఆ గాలిలో చెవులను కాపాడడానికి దానిని మించినది నేను ఇంతవరకూ చూడలేదు.

భోజనం. టికెట్టు కొన్న వెంటనే కంపెనీకి రాయండి: శాకాహారం, గుడ్డు లేదు, చేప కూడా శాకాహారం కాదు. ఈ చివరి ముక్క మరచిపోకండి. మొదటి రాత్రి భోజనశాలలో ప్రధాన సేవకుడిని కలిసి మళ్లీ చెప్పండి. చాలా ఓడలలో భారతీయ వంటవాళ్లు ఉంటారు, ముందు రోజు అడిగితే మరుసటి రాత్రికి పప్పు, కూర, అన్నం చేసి పెడతారు. తెలుగు వంట అవుతుందని ఆశ పెట్టుకోవద్దు. రైస్ కుక్కరు, కరెంటు కెటిల్ తేవద్దు, మంట పుట్టించగలదేదైనా ఎక్కేటప్పుడే తీసి పెట్టేస్తారు. ఇంట్లో వండినవీ రానివ్వరు. కంపెనీ సీలు వేసిన కారప్పొడి, పచ్చడి ప్యాకెట్లకు మామూలుగా అభ్యంతరం ఉండదు. నాన్నగారికి ఓడలో అసలు గండం మంచుగడ్డ నుంచి కాదు, పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే మిఠాయిల బల్ల నుంచి. షుగర్ చూసుకునే యంత్రం, మందులు, పది రోజులకు సరిపడా, చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులో ఇచ్చేస్తే గదికి చేరేసరికి రాత్రి కావచ్చు. నేను ఆ తప్పు కూడా చేశాను. ఇన్సులిన్ అయితే గదిలో ఫ్రిజ్ సరిగా చల్లబడుతుందో లేదో ముందే అడగండి. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లు కూడా ఘనంగానే ఉంటుంది. అమ్మానాన్నలకు తీసుకున్న ఆరోగ్య బీమా ఓడ మీదా, కెనడాలోనూ చెల్లుతుందా, పాత జబ్బులను కలుపుకుంటుందా అన్నది చదవండి. కలుపుకోకపోతే వేరేది కొనండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

వేడుక సంగతికి వస్తే, 70 ఏళ్లకు భీమరథ శాంతి చేయించే ఆలోచన ఉంటే అది నేల మీదే జరిపించండి. ఓడలో దీపం, అగరుబత్తి, కొవ్వొత్తి ఏదీ వెలిగించనివ్వరు, హోమం మాట ఇక చెప్పనక్కరలేదు. డల్లాస్ చుట్టుపక్కల గుడులకు కొదవ లేదు. జూలైలో నాన్నగారి జన్మనక్షత్రం చూసుకుని పురోహితుణ్ణి పిలవండి. ఓడలో చేయవలసింది చిన్నదే: గ్లేసియర్ బే రోజు రాత్రి ఆరుగురూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం. గుడ్డు లేని కేకు కావాలని వారం ముందే రాయండి. సిబ్బంది చప్పట్లు కొడుతూ వచ్చి పాట పాడతారు, నాన్నగారికి అటువంటివి ఇబ్బందిగా ఉంటాయంటే అదీ ముందే చెప్పండి, మానేస్తారు. ఆరోజు అమ్మ పట్టుచీర కట్టుకుంటారు. తమ్ముడు పట్టా గౌను తెచ్చుకుంటానంటే తెచ్చుకోనివ్వండి. పగలంతా ఎవరి దారి వారిదైనా ఫరవాలేదు, రాత్రి భోజనానికి మాత్రం అందరూ ఉండాలని ఒక్క నియమం పెట్టుకోండి. వారమంతా ఆరుగురూ ఒకరినొకరు అంటిపెట్టుకుని తిరిగితే నాలుగో రోజుకు పోట్లాటలు మొదలవుతాయి, ఎంత మంచి కుటుంబమైనా సరే.

నాన్నగారి మాట న్యాయమైనదే. దానికి ఎదురు వాదించకండి. లెక్క చూపించండి. టికెట్టు ధర కాక, సిబ్బందికి ఇవ్వవలసిన టిప్పు అంటూ మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు వాళ్లే బిల్లులో కలుపుతారు. యాత్రలు, ఇంటర్నెట్, ఫొటోలు వేరే. ఎక్కగానే ఫోన్లన్నీ విమానం మోడ్‌లో పెట్టకపోతే సముద్రం మీది నెట్‌వర్కు ఛార్జీలు పడతాయి. ఈ పై ఖర్చులను కత్తిరించండి. జూనోలో హెలికాప్టరెక్కి మంచు మీద కుక్కల బండి ఎక్కడానికి మనిషికి ఆరేడు వందల డాలర్లు అవుతుంది. తమ్ముడు ఒక్కడే వెళ్లనివ్వండి, వాడి పట్టాకు అదే మీ బహుమతి. మబ్బు పడితే అది రద్దవుతుంది, డబ్బు వెనక్కి ఇస్తారు, కనుక దాని మీద ఆశ మరీ పెంచుకోవద్దని చెప్పండి. మీరిద్దరూ మానేసిన రెండు టికెట్ల డబ్బును నాన్నగారి చేతికి ఇచ్చి, పుట్టినరోజున ఊళ్లో అన్నదానానికి పంపమనండి. "దీనికీ దానికీ పోటీ లేదు నాన్నా, రెండూ చేస్తున్నాం" అంటే ఆయన దగ్గర ఇక జవాబు ఉండదు.

చివరిగా అమ్మగారి ప్రశ్న. ఓడలో కాఫీ పొద్దున నుంచి రాత్రి దాకా దొరుకుతుంది, ఉచితంగానే. కానీ అది వాళ్ల కాఫీ, నీళ్లగా ఉంటుంది. ఫిల్టరు డికాషన్ దొరకదు. సీలు తీయని ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చిన్న స్టీలు గ్లాసులు రెండు పెట్టెలో పెట్టండి. భోజనశాలలో వేడినీళ్లు, వేడిపాలు అడిగితే ఇస్తారు. మూత ఉన్న ఫ్లాస్కు ఒకటి ఉంటే పాలు గదికి తెచ్చుకోవచ్చు. పడవ ఎక్కనన్న మనిషి కాఫీ సంగతి అడిగారంటే పని దాదాపు అయినట్లే. మీరు ఇక ఈ వారమే కెనడా వీసా కాగితాలు మొదలుపెట్టండి.